మానిక లోహానికి ఆఖరి ప్రశ్న

నేను చదివింది పదార్థ శాస్త్రం, కాపురంలో చేసేది అపార్థ శాస్త్రం. ఈ మాట అనకుండా నేను వదిలిన పెళ్లి విందూ లేదు, సదస్సూ లేదు. కొత్తగా పరిచయమైనవాళ్లు నవ్వుతారు. పాతవాళ్లు పెరుగన్నం దగ్గరికి జరుగుతారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ ఇలాంటివి తగులుతాయి. నోటికి పట్టిన తుప్పు, గీకినా పోదు. కానీ ఇది నవ్వించడానికి రాస్తున్నది కాదు. నా పరిశోధనని నలుగురిలో నిలబెట్టి కూల్చేసిన ఒక మనిషికి దణ్ణం పెట్టుకోవడానికి రాస్తున్నది.

నా పేరు బొడ్డేపల్లి విశ్వేశ్వరం. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో లోహాల ప్రయోగశాల నాది. లోహం కూడా అలసిపోతుందని మీకు తెలిసే ఉంటుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట పుటుక్కుమంటుంది కదా, అదే అలసట. ముందు కంటికి కనపడని పగులు పుడుతుంది. అది పాకుతుంది. ఆ తర్వాత వంతెనలు కూలతాయి, పేపర్లో మావాళ్ల ఫొటోలు పడతాయి.

మేం తయారుచేసిన లోహం అలా కాదు. పగిలితే తనంతట తానే పూడ్చుకునేది. లాగుడు యంత్రం రెండు దవడల మధ్య ముక్కని బిగించి, పగులు పుట్టేదాకా లాగి వదిలి, లాగి వదిలి, యంత్రం ఆపేసి టీకి వెళ్లేవాళ్లం. వచ్చి సూక్ష్మదర్శినిలో చూస్తే పగులు మాయం. పిల్లల మోకాలి మీద చెక్కు కట్టినట్టు ఓ సన్నటి గీత మాత్రం మిగిలేది. మొదటిసారి అది చూసినప్పుడు నా పరిశోధక విద్యార్థిని మౌక్తిక బిక్కమొహం వేసింది.

"సార్, నేను ముక్క మార్చేశానేమో. పగిలింది ఏదో, చూస్తున్నది ఏదో."

"అమ్మా, పగిలింది ముక్క కాదు, మన దరిద్రం," అన్నాను.

పత్రాల్లో దానికో సంకేత సంఖ్య ఉంది. మా ఆవిడ హైమావతి దానికి మానిక అని పేరు పెట్టింది. "గాయం మానుతుంది కనక మానిక. పైగా బియ్యం కొలిచే మానికడు ముక్క చెయ్యడానికి మీకు సగం జుట్టు ఊడింది," అంది.

అంతా బాగుంది, ఒక్కటే చికాకు. యంత్రం దవడలు అరిగిపోయేవి. గట్టి ఉక్కు దవడలు, చూస్తుండగానే పట్టు వదిలేసేవి. వాటిని పంపే కంపెనీ మనిషికి ఫోన్ చేసి, "ఏం బాబూ, దవడలమ్మి పళ్లు మాత్రం మీ దగ్గరే ఉంచేసుకుంటున్నారా," అని దులిపేవాణ్ణి. పాపం అతను క్షమాపణలు చెప్పి కొత్తవి పంపేవాడు. పగులు మానిన ముక్క రవ్వంత బరువు పెరుగుతోందని కూడా చూశాం. గాలిలో ఆక్సిజన్ పట్టుకుందని రాసేసి ఊరుకున్నాం.

మా విద్యలో ఒక ఆచారం ఉంది. పరీక్షకి ముందు ముక్కని నునుపు పట్టి, ద్రావకంతో తుడిచి, వేలు తగలనివ్వకుండా తూస్తాం. మడి అన్నమాట. పరీక్ష అయ్యాక మళ్లీ ఆ ముక్కనే తూస్తాం. దాని పక్కన ఏముందో, దానికేమైందో ఎవరూ తూయరు. పక్కవాడి సంగతి పట్టించుకోకపోవడమే శుభ్రత అని నేర్చుకున్నవాళ్లం.

*

హైమ ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మెళ్లో తాళిబొట్టు ఒక గొలుసుకి, విజిలు ఇంకో గొలుసుకి వేలాడతాయి. రెండింట్లో దేనికి నేను ఎక్కువ భయపడతానో ఇంతవరకూ తేల్చుకోలేదు. ఖోఖో పిల్లలతో పాటు తనూ పరిగెత్తుతుంది. గట్టున నిలబడి ఈత నేర్పేవాళ్లంటే ఆవిడకి చులకన.

ఓ వానాకాలం సాయంత్రం గాజువాక దగ్గర హైమ స్కూటరు జారి, మోకాలి కింద పెద్ద ఎముక రెండు ముక్కలైంది. ఎముకల డాక్టరు బెహరా గారు నాకు స్నేహితుడు. మానికని విరిగిన ఎముకని పట్టి ఉంచే పలకగా మనిషికి వెయ్యడానికి అప్పటికే అనుమతుల కోసం తిరుగుతున్నాం. మామూలు పలక కొన్నేళ్లకి అలసి విరగొచ్చు. ఇది విరగదు. ఎలుకల్లో వేసి చూశాం, ఎలుకలు నిక్షేపంగా గెంతాయి.

కనిపెట్టినవాడి భార్య మీదే మొదటి ప్రయోగమా అని ఆసుపత్రి నైతిక సంఘం మొహం చిట్లించింది. హైమ చక్రాల కుర్చీలో వాళ్ల ముందుకి వెళ్లింది.

"మా ఆయన వండింది మొదట నేను తినకుండా ఊరందరికీ ఎలా వడ్డిస్తామండీ," అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదని వాళ్లు గుచ్చి గుచ్చి అడిగి తేల్చుకున్నాక ఒప్పుకున్నారు.

ఆరునెలలు తిరిగేసరికి మైదానంలో ఉంది. అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీసేవాళ్లం. బెహరా గారు విరిగినచోటు అతుక్కుందా అని చూసేవారు. అతుక్కుంది. నేను పలకని చూసేవాణ్ణి. మెరుస్తూ ఉండేది. "పలక కింద ఎముక కొంచెం పల్చబడినట్టుంది. ఏ పలకకైనా అది మామూలే," అని ఓసారి బెహరా గారన్నారు. నేను విన్నాను, విని మళ్లీ పలకనే చూశాను. పెళ్లిచూపుల్లో నన్ను చూడమంటే అమ్మాయి వాళ్ల ఇంటి ఇనప గేటు చూశానని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. లోహం మీద మోహం అలాంటిది.

*

ఆ ఏడాది పదార్థ శాస్త్రాల అంతర్జాతీయ సదస్సు మా ఊళ్లోనే, బీచ్ రోడ్డు హోటల్లో జరిగింది. ఇలాంటి సదస్సు చూడనివాళ్ల కోసం చెబుతాను. మెళ్లో పేరు చీటీ వేసుకుని, భుజాన ఒకే రంగు సంచి తగిలించుకుని, మనిషి మొహం చూడకుండా బొడ్డు దగ్గర వేలాడే పేరు చదివి, "మీరా," అంటాం. ఒక గదిలో గాజు, ఒక గదిలో సిమెంటు, ఒక గదిలో ప్లాస్టిక్కు. అన్ని దేశాలవాళ్లకీ అర్థమయ్యే భాష ఒక్కటే, సమోసా.

మొదటి రోజు నాది మామూలు ప్రసంగం. ఆఖరి రోజు కీలకోపన్యాసం. అచ్చేసిన విషయం హైమ కాలెముక కాబట్టి తను దాన్ని కీళ్ల కోపన్యాసం అంది. అది ముగిసే ముందు తను వేదిక ఎక్కి, తాడాట ఆడి, వేదిక మీంచి కిందికి దూకాలి. మనిషి కాలే రుజువు. మానిక వేయించుకోవడానికి ఒప్పుకుని ఇంకొందరు ఆసుపత్రిలో తేదీల కోసం చూస్తున్నారు. ఆ దూకుడు చూశాక వాళ్లకి తేదీలిస్తారు.

మొదటి రోజు ప్రసంగం అద్భుతంగా నడిచింది. నేను వేసిన ప్రతి జోకూ పేలింది. అధ్యక్షుడు గడియారం చూసి, "ఒక్క ఆఖరి ప్రశ్నకి సమయం ఉంది," అన్నాడు.

మా రంగంలో ఆఖరి ప్రశ్న అంటే నస్రీన్ సుల్తానా. కర్నూలు ఆవిడ, హైదరాబాదులో ప్రొఫెసరు. తెల్లజుట్టు, నూలు చీర, ఎప్పుడూ వెనక వరస. ప్రసంగం అంతా కళ్లు మూసుకుని వింటారు. నిద్రపోయారనుకుంటాం. ఆఖర్న లేచి ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు, ఆ తర్వాత ఆ మనిషి ఏడాదిపాటు నిద్రపోడు.

ఆవిడ లేచారు. అడిగింది ఇంగ్లీషులోనే గానీ నాకు వినపడింది తెలుగులో.

"మీ లాగుడు యంత్రం దవడలు ఎన్నిసార్లు మార్చినారు?"

"చాలాసార్లండీ. నాకూ మా ఆవిడకీ మధ్య వాదనలో అరిగేది ఎప్పుడూ నా దవడలే," అన్నాను.

హాలు ఘొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. "నేను మీ యంత్రం సంగతి అడిగినాను," అని కూర్చున్నారు. అధ్యక్షుడు జ్ఞాపిక ఇచ్చి, శాలువా కప్పి, భోజనాలకి లెమ్మన్నాడు.

*

బిర్యానీ వరసలో వెనకనించి ఆవిడ గొంతు.

"విశ్వేశ్వరం గారూ, ఏమీ అనుకోవద్దండి. మీ ముక్క పగులు దేంతో నింపుకుంటాది?"

"తన అణువులతోనే మేడమ్. సర్దుకుంటాయి."

"సర్దుకుంటే బరువెందుకు పెరిగె?"

"ఆక్సిజన్ అని రాశాం."

"రాసినారు, చదివినాను. అంత ఆక్సిజన్ తింటే తుప్పు కావల్ల. మీ ముక్క తళతళలాడతా ఉంది. అది ఏందో ఒకటి తింటా ఉంది సార్. యంత్రంలో దానికి తగులుకోని ఉండేది దవడలే గదా."

నా పళ్లెంలో గరిటె ఆగిపోయింది.

"యంత్రంలో సరే," అన్నారావిడ గొంతు తగ్గించి. "కాల్లో దానికి తగులుకోని ఉండేది ఏంది?"

నాకు జోకు రాలేదు.

"ఎలుకలకి ఏమీ కాలేదండీ," అన్నాను ఎలాగో.

"ఎలుక ఎంత బరువుంటాది? అది గెంతితే పలక పగలదు. పగలకపోతే మానే పని లేదు, మానే పని లేకపోతే తినే పని లేదు. మీ ఇంట్లో ఆమె ఏం చేస్తారు?"

"ఖోఖో," అన్నాను.

ఆవిడ నా పళ్లెంలోకి చూశారు. మటన్ బిర్యానీలో ఓ జానెడు నల్లి ఎముక. దాన్ని కాగితం రుమాల్లో చుట్టి సదస్సు సంచిలో వేసుకున్నారు.

"మీ ప్రయోగశాల దూరమా?"

*

మౌక్తిక ఆ ఎముకని మాంసం లేకుండా గీకి, తూచి, మానిక పలకకి మరలతో బిగించింది. ఒంటి వేడంత వెచ్చటి ఉప్పునీళ్లలో ఉంచి, యంత్రాన్ని హైమ పరుగంత బరువుకి పెట్టాం. పలక పగులుతోంది, మానుతోంది. తెర మీద గీత లేస్తోంది, పడుతోంది. నస్రీన్ గారు స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. అక్కడ సదస్సులో లోకంలోని పండితులంతా గాజు గురించి మాట్లాడుకుంటుంటే, మేం ముగ్గురం హోటలు బిర్యానీ ఎముకకి కాపలా కాశాం.

సాయంత్రం ఎండ వాలాక మరలు విప్పాం. మౌక్తిక పలకని తూచింది. పెరిగింది. ఎముకని తూచింది. మళ్లీ తూచింది. నా చేతిలో పెట్టింది. పైకి బాగానే ఉంది. పలక ఆనిన వైపు బొటనవేలితో నొక్కాను. నానిన అప్పడంలా లోపలికి దిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి రోజు దూకుడికి హైమ ఆ సాయంత్రమే స్కూల్లో సాధన చేస్తానంది. ఫోన్ చేశాను. మోగింది, మోగింది. మైదానంలో ఫోన్ సంచిలో ఉంటుంది, సంచి చెట్టుకి ఉంటుంది. పిల్లలకి పెట్టిన నియమం తనూ పాటిస్తుంది, ఇలాంటి మనిషితో ఎలా వేగాలి.

నస్రీన్ గారికి సదస్సువాళ్లు ఇచ్చిన కారు బయటే ఉంది. ఇద్దరం మెళ్లో పేరు చీటీలతోనే ఎక్కాం. నేను దారంతా మాట్లాడాను. ఏం మాట్లాడానో తెలీదు. ఆవిడ ఒకసారి మాత్రం, "డ్రైవరన్నా, ఈయన మాటలు వినొద్దు, రోడ్డు చూడు," అన్నారు.

మైదానంలో ఆడపిల్లలు గుంపుగా నిలబడి అంకెలు లెక్కపెడుతున్నారు. ప్రార్థన చేసే సిమెంటు అరుగు మీద హైమ, చేతిలో తాడు, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, అంచుకి వచ్చి నిలబడింది.

"హైమా, కూర్చో," అని అరిచాను.

"ఏటండీ?"

"కూర్చో. ఉన్నచోటే. కాలు కింద పెట్టకు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. "టీచర్, సార్ ఖో ఇస్తన్నారు," అంది ఒకతి. హైమ నవ్వబోయి నా మొహం చూసింది. నా మొహం మీద ఎప్పుడూ ఏదో ఒక వెకిలితనం ఉంటుంది. అది లేకపోవడం చూసి మెల్లిగా, రెండు చేతులూ ఆనించి, అరుగు మీదే కూర్చుండిపోయింది.

దగ్గరికి వెళ్లి చెప్పాను. పలక బాగుంది, పలకే బాగుంది, ఎముక బాగులేదు, పలక బాగుండటానికి ఎముకని తింటోంది. నాలుగు ముక్కల్లో చెప్పాల్సింది నలభై ముక్కలుగా చెప్పాను. తను కాలివైపు చూసుకుంది.

"అందుకేనా, ఈమధ్య మెట్లు దిగుతుంటే లోపల ఏదో గుల్లగా ఉన్నట్టుంటే..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మీరు, గుల్లయితే కాల్చి సున్నం చేసుకుందాం అన్నారు."

అన్నాను. నిజంగానే అన్నాను. గుర్తుంది కూడా.

నస్రీన్ గారు అరుగు పక్కన వంగి నిలబడ్డారు. "నేను నస్రీన్ అమ్మా. మీ ఆయన పని చెడగొట్టినదాన్ని."

"కూర్చోండి మేడమ్," అంది హైమ పక్కకి జరిగి. "చాలామంది ప్రయత్నించారు గానీ మీ వల్లే అయింది."

*

అదే సాయంత్రం బెహరా గారు వేరే కోణంలో, పలక నీడ అడ్డం రాకుండా స్కాన్ తీయించారు. చూసి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పలక కింద ఎముక గుడ్డు పెంకులా ఉంది. "దూకి ఉంటే," అని ఆగిపోయారు. మిగతాది నేను ఊహించుకోగలను. అలాంటివి ఊహించడమే నా వృత్తి. పగుళ్లు ఎటు పాకుతాయో, ముక్కలు ఎన్నవుతాయో, అన్నీ లెక్క కట్టగలను. ఆ రోజు మాత్రం లెక్క కట్టలేదు.

మర్నాడు మానిక తీసేసి మామూలు పలక వేశారు. నడుం దగ్గర ఎముక కొంత తీసి అక్కడ నింపారు. కాలు దక్కింది. పరుగు దక్కలేదు. ఇక జీవితాంతం మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి, నడవాలంటే చేతికర్ర కావాలి. ఆ మాట బెహరా గారు చెప్పినప్పుడు హైమ గోడవైపు తిరిగి పడుకుంది. నేను మంచం పక్కన కూర్చున్నాను. అటు తిరిగే అంది.

"రేపు మీ ఉపన్యాసం కదా. వెళ్లండి."

"ఏముందని చెప్పను?"

"ఉన్నదే చెప్పండి. తేదీల కోసం కూర్చున్నవాళ్లున్నారు కదా, వాళ్లందరి కాళ్లూ ఉన్నాయని చెప్పండి. ఇక్కడే ఉండి నాకు జోకులేస్తే కుట్లూడతాయి."

మా ఉపన్యాసాల్లో కృతజ్ఞతల స్లైడు ఆఖర్న వస్తుంది. అప్పటికి గంట కొట్టేస్తారు. వంద పేర్లు తెర మీద మెరుపులా మెరిసి మాయమవుతాయి, ఎవరూ చదవరు. ఆ రోజు నేను దాన్నే మొదట వేశాను. దాని మీద రెండే పేర్లు. హైమావతి, నస్రీన్ సుల్తానా. తర్వాత బిర్యానీ ఎముక ఫొటో. హాల్లో ఒకరిద్దరు నవ్వబోయారు. అంకెలు చూపించేసరికి ఎవరూ కదల్లేదు. దవడల కంపెనీ మనిషికి కూడా వేదిక మీంచే క్షమాపణ చెప్పుకున్నాను. ఒక్క శ్లేష లేకుండా నేను ఇచ్చిన ఏకైక ఉపన్యాసం అది.

అధ్యక్షుడు, "ఒక్క ఆఖరి ప్రశ్న," అన్నాడు. అందరి తలలూ వెనక వరసవైపు తిరిగాయి. నస్రీన్ గారు లేచారు. ఈసారి తెలుగులోనే అడిగారు.

"ఆమె ఎట్లుంది?"

"ఉందండీ," అన్నాను. "మీ దయవల్ల ఉంది."

*

మానికని మనుషులకి వేసే ఆలోచన అక్కడితో ఆగింది. పెట్టుబడి పెడతామన్నవాళ్లు నా ఫోన్ ఎత్తడం మానేశారు. మా లోహానికి మానడం తెలుసని వాళ్లకి ముందే చెప్పాను కదా.

హైమ కాల్లోంచి తీసిన పలక నా బల్ల సొరుగులో ఉండిపోయింది. దాన్ని సన్నటి పొరలుగా కోసి, నునుపు పట్టి చూడాలి. ఏ పగులు ఎక్కడ పుట్టిందో, దేంతో పూడిందో అప్పుడే తెలుస్తుంది. మా వృత్తిలో ప్రేమించిన ప్రతిదాన్నీ చివరికి కోసి చూడాల్సిందే. మౌక్తిక రోజూ అడిగేది. నేను రోజూ రంపం బ్లేడు బాగులేదనేవాణ్ణి.

ఓ రోజు హైమ చేతికర్ర టకటకలాడించుకుంటూ ప్రయోగశాలకే వచ్చింది. మౌక్తిక నస్రీన్ గారికి చెబితే, ఆవిడ ఫోన్లో చెప్పారట. వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, నా గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోరని నా అనుమానం.

"కొయ్యట్లేదట, ఏటి సంగతి?"

"అందులో నీ ఎముక ఉంది."

"నాకు పనికిరాకుండా పోయింది కదా. మీకైనా పనికి రానివ్వండి. కొయ్యమ్మా మౌక్తికా, ఈయన్ని బయట నిలబెట్టి కొయ్యి."

నేను బయట నిలబడలేదు. నా చేత్తోనే కోశాను. నునుపు పట్టాను. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అక్కడ నల్లగా కనపడే లోహంలో తెల్లటి సన్నటి తీగలు, మల్లెపందిరి అల్లుకున్నట్టు, ఈ చివర నించి ఆ చివరదాకా. పూడిన పగుళ్లు. పగిలిన ప్రతిచోటా హైమ ఉంది. ఈ లోహం విరగకుండా నిలబడింది నా తెలివివల్ల అని దేశదేశాలూ తిరిగి చెప్పాను. లోపల మోసిందంతా ఆవిడ.

"చూడనివ్వండి, కళ్లలో నీళ్లు పెట్టుకుంటే అద్దం మసకేస్తుంది," అని నన్ను జరిపి, కర్ర మౌక్తికకి ఇచ్చి, తను వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇన్ని గీతలేటి?"

"నువ్వు పరిగెత్తినవి. ఒక్కొక్క పరుగూ ఒక్కొక్క గీత."

"ఈ లావుది?"

"ఏ రోజుదో చెప్పలేం హైమా. బాగా బరువు పడ్డ రోజు."

"మీరు చెప్పలేరు గానీ నేను చెప్పగలను," అంది అద్దం మీంచి కన్ను తియ్యకుండా. "బొబ్బిలిలో ఖోఖో పోటీలు. ఫైనల్ ముందు పిల్లలు బెదిరిపోయి కూర్చుంటే, రండే అని వాళ్లతో పాటు మైదానం చుట్టూ నేనూ పరిగెత్తాను. ఆ రోజే అయ్యుంటుంది."

"గెలిచారా?"

"గెలిచాం," అంది. "ఇంకో ముక్క పెట్టండి."